బోర్లా పడుకున్న ఊపిరి

మన ఇళ్లల్లో పసిబిడ్డ తొలిసారి బోర్లా పడిన రోజు చిన్న పండుగ. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు వండి ఇరుగుపొరుగుకు పంచడం తెలుగువాళ్ల పాత ముచ్చట. నాలుగో నెలో ఐదో నెలో వచ్చేసరికి మెడ నిలుస్తుంది, నడుముకు బలం వస్తుంది, బిడ్డ తనంతట తాను ఒళ్లు తిప్పుకుంటుంది. అంతదాకా వెల్లకిలా పడుకుని కాళ్లూ చేతులూ ఆడించడమే దాని లోకం.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఈ వరస మారిపోతుంది. 28 వారాలకే పుట్టి, కిలో బరువుకు అటూఇటూగా ఉన్న బిడ్డను నర్సు రెండు అరచేతుల్లోకి తీసుకుంటుంది. వైర్లు చిక్కుపడకుండా చూసుకుంటూ మెల్లగా బోర్లా పడుకోబెడుతుంది. వెంటిలేటర్ గొట్టం తీసి ఇంకా రోజైనా కాలేదు. అద్దాల పెట్టె పక్కన నిలబడ్డ పచ్చి బాలింతకు గుండె ఝల్లుమంటుంది. "బోర్ల పండవెట్టిండ్రేంది సిస్టర్? ఊపిరాడుతదా?" అని అడుగుతుంది.

ఆ తల్లి భయం సహజమైనది. ఆమె అడిగిన ప్రశ్న శాస్త్రం కూడా అడిగింది. దొరికిన జవాబు మన కంటికి తోచేదానికి ఎదురుగా ఉంది: ఆ దశలో, ఆ గదిలో, ఆ బిడ్డకు బోర్లా పడుకుంటేనే ఊపిరి తేలిక.

డోర్నకల్ నుంచి అద్దాల పెట్టె దాకా

డోర్నకల్ జంక్షన్ రైలు ప్రయాణికులకు బాగా తెలిసిన పేరు. కాజీపేట నుంచి విజయవాడకు పోయే ప్రధాన మార్గాన్ని కొత్తగూడెం బొగ్గు లైను కలిసేది ఇక్కడే. 2016లో ఏర్పడిన మహబూబాబాద్ జిల్లాలో ఉందీ పట్నం. చుట్టూ మిరప చేలు, పత్తి చేలు, లంబాడా తండాలు. ఇలాంటి చోట ఒక గర్భిణికి ఏడో నెలలో నొప్పులు మొదలైతే ఇంటివాళ్లకు ముందు గుర్తొచ్చేది 108. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన ఈ అంబులెన్సు సేవ ఇప్పుడు తండా దాకా వస్తోంది. ఆసుపత్రికి పోవాలంటే ఉత్తరాన మహబూబాబాద్, దక్షిణాన ఖమ్మం. బిడ్డ మరీ చిన్నదైతే వరంగల్ ఎంజీఎం, అక్కడా కుదరకపోతే 1953 నుంచి పసిపిల్లలకు వైద్యం చేస్తున్న హైదరాబాద్ నీలోఫర్. నెల తక్కువ బిడ్డలు పుట్టిన కుటుంబాలకు ఈ పేర్లు దాటివచ్చిన మైలురాళ్లలా గుర్తుండిపోతాయి.

ఇది కొద్దిమంది కథ కాదు. 37 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డలు 2020లో ప్రపంచమంతటా 1 కోటి 34 లక్షల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి వేసిన అంచనా. అందులో సుమారు 30 లక్షల మంది మన దేశంలోనే పుట్టారు. ఏ దేశంలోనూ ఇంతమంది లేరు.

మన పల్లెల్లో ఒక నమ్మకం ఉంది: ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అని. ఇది నిజం కాదు. కడుపులో గడిచిన ప్రతి వారమూ బిడ్డకు బలమే. ముఖ్యంగా ఊపిరితిత్తులకు.

పచ్చి వెదురు బుట్ట

ఊపిరితిత్తుల్లో గాలి నిండే గదులు కోట్ల కొద్దీ ఉంటాయి. ఒక్కొక్కటీ ఎంతో చిన్నది. వాటి లోపలి గోడ తడిగా ఉంటుంది. తడిసిన ప్లాస్టిక్ కవరు రెండు పొరలు ఎలా అతుక్కుపోతాయో, ఆ గోడలూ అలాగే అతుక్కుపోవాలని చూస్తాయి. వాటిని అతుక్కోనివ్వకుండా సబ్బునురుగులా పనిచేసే పదార్థం పేరు సర్ఫాక్టెంట్. ఇది బిడ్డ ఊపిరితిత్తుల్లో 24 వారాలు దాటాక కొద్దికొద్దిగా తయారవుతుంది. 34, 35 వారాలకు గానీ సరిపడా ఊరదు. నెలలు నిండని బిడ్డలకు ఊపిరి అందకపోవడానికి ఈ పదార్థం తక్కువ కావడమే కారణమని 1959లో అమెరికా వైద్యురాలు మేరీ ఎలెన్ ఏవరీ, జెరీ మీడ్ చూపించారు. 1980లో జపాన్ వైద్యుడు తెత్సురో ఫుజివారా దాన్ని బయటినుంచి బిడ్డ ఊపిరితిత్తుల్లోకి ఎక్కించి ప్రాణాలు నిలపవచ్చని నిరూపించాడు. ఈ రెండు సంవత్సరాల నడుమ, 1963లో, అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు ప్యాట్రిక్ అయిదున్నర వారాలు ముందుగా పుట్టి రెండు రోజులైనా నిండకుండానే ఇదే జబ్బుతో చనిపోయాడు. దేశాధినేత బిడ్డకు దొరకని మందు ఇప్పుడు మన ప్రభుత్వ ఆసుపత్రుల్లోకి కూడా వచ్చింది.

గాలి గదులు తెరుచుకున్నాక ఇంకో కష్టం ఉంది. పెద్దవాళ్ల పక్కటెముకలు గట్టి ఇనుప చట్రంలాంటివి. నెలలు నిండని బిడ్డ ఛాతీ పచ్చి వెదురు బద్దలతో అల్లిన బుట్టలాంటిది. ఊపిరి పీల్చుకోవడానికి ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండరపు పొర కిందికి లాగుతుంది. దీన్ని ఉదరవితానం అంటారు. అది లాగినప్పుడు గాలి లోపలికి రావాలి. బుట్ట మెత్తగా ఉంటే గాలి వచ్చేలోపు బుట్టే లోపలికి సొట్ట పోతుంది. మన అమ్మమ్మలు "బిడ్డ డొక్కలెగరేస్తోంది" అనేది ఈ సొట్టను చూసే. పొట్ట పైకి లేస్తుంటే ఛాతీ లోపలికి పోతుంది. కష్టం అంతా బిడ్డది, లోపలికి వచ్చే గాలి మాత్రం కొంచెమే.

పైగా ఆ కండరం త్వరగా అలిసిపోతుంది. అలుపెరగకుండా పనిచేసే పోగులు పెద్దవాళ్ల ఉదరవితానంలో సుమారు సగం ఉంటాయి. నెలలు నిండిన బిడ్డలో 25 శాతం, బాగా ముందుగా పుట్టిన బిడ్డలో 10 శాతమే. అందుకే ఈ బిడ్డలు కాసేపు బాగానే పీల్చుకుంటూ ఉండి, ఉన్నట్టుండి ఆగిపోతారు.

గొట్టం తీసిన గంటలు

వెంటిలేటర్ గొట్టం ఉన్నంతసేపూ యంత్రం బిడ్డకు తోడు. గొట్టం తీశాక ఆ తోడు ఒక్కసారిగా తగ్గిపోతుంది. గొట్టం ఒరుసుకున్న చోట గొంతు వాచి దారి ఇరుకవుతుంది. కళ్లె పేరుకుంటుంది. ఊపిరితిత్తుల్లో కొన్ని భాగాలు, ముఖ్యంగా కుడి ఊపిరితిత్తి పైభాగం, మూసుకుపోతాయి. బాగా ముందుగా పుట్టిన కొందరికి గొట్టం మళ్లీ వేయక తప్పదు. ప్రతిసారీ గొట్టం వేయడం అంటే లేత గొంతుకు మళ్లీ గాయం, ఊపిరితిత్తులకు మళ్లీ ఒత్తిడి.

అందుకే గొట్టం తీసే ముందూ తరువాతా రెండు అండలు సిద్ధంగా ఉంచుతారు. ఒకటి సీపాప్. ముక్కులో పెట్టిన చిన్న గొట్టాల ద్వారా నిరంతరం కొంత ఒత్తిడితో గాలి పంపి, గాలి గదులు మూసుకుపోకుండా చూస్తుంది. 1971లో శాన్ ఫ్రాన్సిస్కోలో జార్జ్ గ్రెగరీ బృందం దీన్ని పసిబిడ్డలకు వాడి చూపించింది. రెండోది కెఫీన్. మన చాయ్‌లో, కాఫీలో ఉండేదే. తగిన మోతాదులో ఇస్తే మెదడులోని ఊపిరి కేంద్రాన్ని మేలుకొలుపుతుంది. 2006లో బార్బరా ష్మిట్ బృందం 2,006 మంది బిడ్డల మీద చేసిన పరీక్షలో కెఫీన్ ఇచ్చిన బిడ్డలు యంత్రపు ఊపిరి నుంచి త్వరగా బయటపడ్డారని, ఊపిరితిత్తుల దీర్ఘకాల జబ్బు తగ్గిందని తేలింది.

మూడో అండకు యంత్రం అక్కర్లేదు, మందు అక్కర్లేదు. అది బిడ్డను పడుకోబెట్టే తీరు.

బోర్లా ఎందుకు?

బోర్లా పడుకున్నప్పుడు బిడ్డ ఛాతీ ముందుభాగం పరుపును ఆనుకుంటుంది. మెత్తటి బుట్టకు ఒక పక్క గట్టి ఆధారం దొరికినట్టు. లోపలికి సొట్ట పోయే అవకాశం తగ్గుతుంది. ఛాతీ, పొట్ట ఒకదానికొకటి ఎదురు తిరగడం మాని కలిసి కదులుతాయి. డొక్కలెగరేయడం తగ్గుతుంది.

ఇంకో లాభం గుండె బరువుకు సంబంధించినది. వెల్లకిలా పడుకుంటే గుండె వెనకనున్న ఊపిరితిత్తి మీద ఆనుతుంది. పొట్టలోని అవయవాలూ ఉదరవితానాన్ని వెనకనుంచి పైకి నెడతాయి. ఊపిరితిత్తిలో ఎక్కువ భాగం వీపు వైపే ఉంది కాబట్టి నష్టం అక్కడే ఎక్కువ. బోర్లా తిప్పితే గుండె రొమ్ము ఎముక మీద ఆనుతుంది, వీపు వైపు ఊపిరితిత్తి విచ్చుకుంటుంది. రక్తంలో ఆక్సిజన్ పెరుగుతుంది. బయటినుంచి ఇచ్చే ఆక్సిజన్ తగ్గించవచ్చు. ఇది కళ్లకు కూడా మేలే. అవసరానికి మించిన ఆక్సిజన్ ఈ బిడ్డల రెటీనాను దెబ్బతీస్తుంది.

బోర్లా పడుకున్న బిడ్డ గాఢంగా నిద్రపోతుంది, ఉలికిపాట్లు తగ్గుతాయి. ఏడ్చినా కాళ్లు తన్నుకున్నా ఖర్చయ్యేది బరువు పెరగడానికి దాచుకోవలసిన శక్తే కదా. కడుపులోని పాలు గొంతులోకి ఎగదన్నడం కూడా తగ్గుతుంది.

పెద్దవాళ్ల విషయంలో మనం దీన్ని కళ్లారా చూశాం. 2021 ఏప్రిల్‌లో కరోనా రెండో అల ఊళ్లను ముంచెత్తినప్పుడు, ఆక్సిజన్ 94 కంటే తగ్గినవాళ్లు ఇంట్లో బోర్లా పడుకోవాలని కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పింది. వేలికి ఆక్సిమీటర్ పెట్టుకుని అంకె పెరుగుతుందా అని చూసిన ఇళ్లు ఎన్నో. దానికి ఎనిమిదేళ్ల ముందే, 2013లో ఫ్రాన్స్ వైద్యుడు క్లోద్ గెరాన్ బృందం, వెంటిలేటర్ మీద తీవ్ర స్థితిలో ఉన్న పెద్దవాళ్లను రోజూ ఎక్కువ గంటలు బోర్లా ఉంచితే 28 రోజుల్లో మరణాలు 32.8 శాతం నుంచి 16 శాతానికి తగ్గాయని చూపించింది.

బిడ్డలు అన్నింట్లోనూ పెద్దవాళ్లకు చిన్న నకలు కాదు. ఒక పక్క ఊపిరితిత్తి జబ్బుపడితే పెద్దవాళ్లను మంచి ఊపిరితిత్తి కిందికి వచ్చేలా పడుకోబెడతారు. పసిబిడ్డల్లో ఇది తిరగబడుతుంది. మెత్తటి ఛాతీ వల్ల కింది పక్క మూసుకుపోతుంది, గాలి పై పక్కకే బాగా పోతుంది. మంచి ఊపిరితిత్తి పైకి ఉండాలి. 1983లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన పరిశోధన ఈ తేడాను బయటపెట్టింది. పెద్దవాళ్ల వార్డులో నేర్చిన పాఠాన్ని బిడ్డల వార్డులో కళ్లు మూసుకుని పాటించకూడదని అది నేర్పింది.

మరి రుజువు ఎంత గట్టిది? 1979లోనే రిచర్డ్ మార్టిన్ బృందం నెలలు నిండని బిడ్డల్లో బోర్లా తిప్పితే రక్తంలో ఆక్సిజన్ పెరుగుతుందని కొలిచి చూపించింది. వెంటిలేటర్ మీదున్న బిడ్డల మీద జరిగిన 19 పరీక్షలను, 516 మంది బిడ్డల వివరాలను కలిపి చూసిన 2016 నాటి కాక్రేన్ సమీక్ష కూడా ఆక్సిజన్ కొంచెం మెరుగవుతుందని చెప్పింది. అయితే ఆ మేలు చాలాకాలం నిలుస్తుందనడానికి ఆధారం లేదని కూడా చెప్పింది. కాబట్టి ఇది బిడ్డ అలిసిపోయే గంటల్లో దొరికే ఆసరా. ఆ కొద్ది గంటలే కొన్నిసార్లు గొట్టం మళ్లీ వేయాలా వద్దా అన్నది తేలుస్తాయి.

నర్సు చేతి పని

బోర్లా వేయడమంటే బిడ్డను తిప్పేసి వదిలేయడం కాదు. కడుపులో బిడ్డ ముడుచుకుని ఉంటుంది. బయటికొచ్చాక భూమి ఆకర్షణ ఆ లేత కాళ్లనూ చేతులనూ కప్పలా పరిచేస్తుంది. వారాల తరబడి అలాగే వదిలేస్తే తుంటి కీళ్లు పక్కకు తిరిగిపోతాయి. అందుకే మెత్తటి గుడ్డను చుట్టి పక్షిగూడులా బిడ్డ చుట్టూ పెడతారు. తుంటి కింద చిన్న గుడ్డ మడత. మోకాళ్లు ముడుచుకుని, చేతులు నోటికి దగ్గరగా ఉండాలి. పొట్ట కదలడానికి చోటు ఉండాలి. ముక్కులోని సీపాప్ గొట్టాలు ముక్కును ఒత్తకుండా చూడాలి.

వెల్లకిలా పడుకోబెట్టినప్పుడు ఇంకో జాగ్రత్త. ఈ బిడ్డల తల వెనకభాగం పెద్దది కాబట్టి గడ్డం ఛాతీ మీదికి వాలి గొంతు దారి మడతపడుతుంది. భుజాల కింద సన్నటి గుడ్డ పెడితే మెడ సూటిగా ఉండి దారి తెరుచుకుంటుంది. పుట్టిన మొదటి మూడు రోజుల్లో చాలా చోట్ల తలను అటూ ఇటూ తిప్పకుండా మధ్యలో ఉంచుతారు. మెదడులోని సన్నటి రక్తనాళాల మీద ఒత్తిడి పడకూడదని. బొడ్డులో గొట్టం ఉన్న బిడ్డలను సాధారణంగా బోర్లా వేయరు. మూడు నాలుగు గంటలకొకసారి, పాలు పట్టే వేళకో గుడ్డ మార్చే వేళకో, పక్క మారుస్తారు. ఒకే వైపు ఎక్కువసేపు ఉంచితే చర్మం కందుతుంది, తల పక్కకు నొక్కుకుపోతుంది.

ఇవన్నీ జరుగుతున్నంతసేపూ బిడ్డ కాలికో చేతికో ఎర్రటి వెలుగు కట్టి ఉంటుంది. గుండె, ఊపిరి, ఆక్సిజన్ అంకెలు తెర మీద కదులుతుంటాయి. ఊపిరి 20 సెకన్లు ఆగితే గంట మోగుతుంది. ఈ కాపలా ఉంది కాబట్టే ఆ గదిలో బోర్లా వేయగలుగుతున్నారు.

అన్నిటికంటే మంచి పరుపు

బిడ్డ బోర్లా పడుకోవడానికి తల్లి రొమ్ము కంటే మంచి పరుపు లేదు. తల పైకి, ఒళ్లు నిటారుగా, ఛాతీ తల్లి ఛాతీని ఆనుకుని, కాళ్లు ముడుచుకుని, పైన చీరె కొంగు. పైన చెప్పిన లాభాలన్నీ అందులో ఉన్నాయి, వాటితోపాటు వెచ్చదనం, పాలు, అమ్మ గుండె చప్పుడు. దీన్నే కంగారూ సంరక్షణ అంటారు. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో అద్దాల పెట్టెలు చాలక డాక్టర్ ఎడ్గర్ రే మొదలుపెట్టాడు. పేదరికంలో పుట్టిన ఈ పద్ధతి గొప్ప ఆసుపత్రులకూ పాఠం అయింది. మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రితో పాటు ఘనా, మలావీ, నైజీరియా, టాంజానియా ఆసుపత్రుల్లో 3,211 మంది బిడ్డల మీద జరిగిన పరిశోధన 2021లో వెలువడింది. బిడ్డ కుదుటపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే ఈ సంరక్షణ మొదలుపెడితే మరణాలు 25 శాతం తగ్గాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్నే మార్గదర్శకంగా ప్రకటించింది.

తల్లి జ్వరంతో ఉంటే నాన్న చేయవచ్చు, అమ్మమ్మ చేయవచ్చు. మగవాళ్లు చొక్కా విప్పి బిడ్డను గుండెకు హత్తుకోవడానికి సిగ్గుపడవలసిన పని లేదు. ఆ గంట వైద్యంలో భాగం.

ఇంటికొచ్చాక మాత్రం వెల్లకిలా

ఎక్కువగా పొరపాటు జరిగే చోటు ఇదే. ఆసుపత్రిలో వారాలపాటు బోర్లా చూసిన తల్లి ఇంటికొచ్చాక కూడా అలాగే వేస్తే మంచిదనుకుంటుంది. "ఆడ సిస్టర్లు గట్లనే వేసేటోళ్లు" అని అత్తమ్మకు చెబుతుంది. ఇంట్లో అది ప్రమాదం. బోర్లా పడుకున్న బిడ్డ గాఢంగా నిద్రపోతుందని చెప్పుకున్నాం కదా. ఆసుపత్రిలో మేలు చేసిన ఆ గాఢనిద్రే ఇంట్లో కీడు. ముక్కుకు బట్ట అడ్డం పడినా, విడిచిన గాలినే మళ్లీ పీలుస్తున్నా, బిడ్డ మేలుకోలేదు. గంట కొట్టే యంత్రం అక్కడ లేదు. 1990ల మొదట్లో న్యూజిలాండ్, బ్రిటన్, అమెరికాలో బిడ్డలను వెల్లకిలా పడుకోబెట్టాలని ప్రచారం చేశాక నిద్రలో హఠాత్తుగా పోయే బిడ్డల సంఖ్య సగానికి పైగా తగ్గింది. అందుకే బిడ్డ కుదుటపడగానే, గర్భం నాటి నుంచి లెక్కపెట్టి 32 వారాల వయసు వచ్చేసరికి, ఆసుపత్రిలోనే వెల్లకిలా నిద్ర అలవాటు చేయాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెబుతుంది.

మన ఇళ్లకు సరిపోయే మాటలు మరికొన్ని. చీరె ఊయలలో బిడ్డ ఒళ్లు విల్లులా వంగి గడ్డం రొమ్మును తాకుతుంది. నెల తక్కువ బిడ్డకు గొంతు దారి మూసుకుపోవడానికి అది చాలు. గట్టి పరుపు మీద, వెల్లకిలా, అమ్మ పక్కనే వేరే చోట పడుకోబెట్టాలి. తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు వద్దు. స్నానం చేయించాక సాంబ్రాణి పొగ అసలే వద్దు. యంత్రాన్ని దాటివచ్చిన ఊపిరితిత్తులకు పొగ శత్రువు. మెలకువగా ఉన్నప్పుడు, ఎదురుగా మనిషి కూర్చుని, కాసేపు బోర్లా వేసి ఆడించవచ్చు. మెడకు బలం వచ్చేది అలాగే. రెండు కిలోల లోపు బరువుతో గానీ 34 వారాల లోపు గానీ పుట్టిన బిడ్డకు నెల నిండేలోపే కళ్ల పరీక్ష చేయించాలి.

గర్భిణికి నొప్పులు ముందే వస్తే ఇంకో మాట. 24 నుంచి 34 వారాల మధ్య తల్లికిచ్చే డెక్సామెథాసోన్ సూది బిడ్డ ఊపిరితిత్తులను త్వరగా పక్వం చేస్తుంది. పెద్దాసుపత్రికి పంపే ముందే మొదటి మోతాదు ఏఎన్ఎం ఇవ్వవచ్చని 2014లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. 108 ఎక్కే ముందు ఆ సూది గురించి అడగడం తండాలోని ప్రతి ఆశా కార్యకర్తకూ, ప్రతి కుటుంబానికీ తెలిసి ఉండాలి.

బొబ్బట్ల రోజు

ఇంటికొచ్చి నాలుగైదు నెలలైనా బిడ్డ బోర్లా పడకపోతే తల్లి దిగులు పడుతుంది. పక్కింటి బిడ్డతో పోల్చి చూసుకుంటుంది. ఆమెకు డాక్టర్లు చెప్పే లెక్క ఒకటుంది. మూడు నెలలు ముందు పుట్టిన బిడ్డ వయసును పుట్టిన రోజు నుంచి కాదు, పుట్టవలసిన రోజు నుంచి లెక్కపెట్టాలి. పుట్టి ఏడెనిమిది నెలలైన బిడ్డకు ఆ లెక్కన నాలుగైదు నెలలే. టీకాలు మాత్రం పుట్టిన తేదీ లెక్కనే వేయించాలి.

ఒకప్పుడు ఆ బిడ్డను బోర్లా తిప్పడానికి ఒక నర్సు చేతులు, ఒక తెర, ఒక గంట కావలసి వచ్చాయి. ఇంటి చాప మీద ఒక సాయంత్రం ఏ చెయ్యీ తాకకుండా బిడ్డ తానే ఒళ్లు తిప్పుకుని, తలెత్తి అమ్మ ముఖం చూస్తుంది. బొబ్బట్లు వండవలసిన రోజు అదే. కొంచెం ఆలస్యంగా వస్తుంది. ఆసుపత్రిలో మొదటిసారి బోర్లా వేసి, రాత్రంతా మేలుకుని కాచిన ఆ సిస్టర్‌కు కూడా ఒక బొబ్బట్టు పంపాలి.